కావ్యం పది పేజీలు దాటడం లేదంటే ఎక్కడ ఆగుతోందో చూడాలి

అడిగిన విషయం ఇది. ఇప్పటి నవలలు, కథలు ఒక్క ఊపున చదివేసే అలవాటు ఉంది. గొప్పదని విని మనుచరిత్ర తెరిస్తే పది పేజీలు దాటలేదు. పోనీ అని పాత నవలొకటి పట్టుకుంటే అదీ మధ్యలో ఆగింది. లోపం చదివేవాడిలో ఉందా, పుస్తకాల్లో ఉందా? వీటిని నిజంగానే ఎవరైనా ఇష్టపడి చదువుతారా, లేక మర్యాదకి పొగుడుతారా?

మర్యాదకి పొగిడేవాళ్ళు ఉన్నారు, బోలెడుమంది. ఇష్టపడి చదివేవాళ్ళూ ఉన్నారు. వీళ్ళు వాళ్ళకన్నా తెలివైనవాళ్ళేం కాదు, చదివే పద్ధతి వేరు, అంతే. నవల మనకి నాలుగు అలవాట్లు నేర్పింది: మొదటి పేజీ నుంచి మొదలుపెట్టడం, నోరు మెదపకుండా కళ్ళతోనే చదవడం, ఒంటరిగా చదవడం, తర్వాత ఏమవుతుందోనని పరిగెత్తడం. ప్రాచీన కావ్యం దగ్గర ఈ నాలుగూ ఎదురుతిరుగుతాయి. అది సభలో ఒకరు చదువుతుంటే పదిమంది వినడానికి పుట్టింది. కథ వినేవాళ్ళకి ముందే తెలుసు. తెలిసిన కథని ఈ కవి ఎలా చెబుతాడా అన్నదే వాళ్ళ ఆసక్తి. మీరు ‘ఏమైంది’ అని అడుగుతుంటే అది ‘ఎలా అయింది’ అన్న ప్రశ్నకి జవాబు చెబుతోంది. విసుగు అక్కడే పుడుతుంది.

మొదట ఆ పది పేజీల సంగతి. మనుచరిత్రలో, దాదాపు ఏ ప్రబంధంలోనైనా, ముందు ఉండేది కథ కాదు, అవతారిక. ఇష్టదేవతా స్తుతి, పూర్వకవి స్తుతి, కుకవి నింద, కృతి (అంకితం) పుచ్చుకున్న రాజుగారి వంశ వర్ణన, ఆయన పరాక్రమం, చివర ‘ఇట్టివానికి’ అనే ధోరణిలో షష్ఠ్యంతాలు. కథ ఆ తర్వాతే. మనుచరిత్ర రాసిన పెద్దన కృతినిచ్చింది కృష్ణదేవరాయలకి కాబట్టి ఆ వంశం, ఆ దండయాత్రలు అన్నీ వస్తాయి. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి అవి బంగారం, కొత్త పాఠకుడికి గోడ. నిస్సంకోచంగా దాటేయండి. ‘కథా ప్రారంభం’ అని ఉన్నచోట పుస్తకం తెరవండి. మనుచరిత్రలో అయితే అరుణాస్పదపురంలో ప్రవరుడు కనిపించే పద్యం దగ్గర. ఆశ్వాసం, అంటే అధ్యాయం, మొదట్లోనూ చివర్లోనూ కృతిభర్తని, అంటే ఆ రాజుని, సంబోధించే పద్యాలు రెండు మూడు ఉంటాయి, వాటినీ వదిలేయవచ్చు. సంపాదకుడు రాసిన పీఠిక అరవై పేజీలుంటే దాన్ని చివర చదవండి. అది కావ్యం చదివినవాళ్ళతో చేసే చర్చ, చదవబోయేవాళ్ళకి పరిచయం కాదు.

రెండో సంగతి, ఏ ప్రతి చేతిలో ఉంది అన్నది. మూలం మాత్రమే అచ్చువేసిన ప్రతి కొత్తవాళ్ళకి పనికిరాదు. ‘టీకాతాత్పర్య సహితం’ లేదా ‘ప్రతిపదార్థ తాత్పర్య సహితం’ అని ఉన్నదే తీసుకోండి. ‘లఘుటీక’ అంటే కష్టమైన మాటలకే అర్థం ఇస్తారు, అది రెండో కావ్యానికి చాలు. మొదటిదానికి ప్రతి పదానికీ అర్థం ఉండాలి. కవిత్రయ భారతం, పోతన భాగవతం అలా తిరుమల తిరుపతి దేవస్థానం ప్రచురణల్లో దొరుకుతాయి. వచనంలో తిరగరాసిన కథ మాత్రమే చదివితే కథ తెలుస్తుంది, అంతకు మించి ఏమీ తెలియదు. దాన్ని ముందుగా చదివి పెట్టుకోవడం మంచిదే, మూలానికి బదులు మాత్రం కాదు.

ఇక అసలు పని: ఒక పద్యం దగ్గర కూర్చుని దాన్ని విప్పడం. ప్రవరుడు హిమాలయం చేరిన చోట పెద్దన రాసిన చంపకమాల చాలామందికి చెవిన పడే ఉంటుంది.

అటఁ జని కాంచె భూమిసురుఁ డంబరచుంబి శిరస్సరజ్ఝరీ
పటల ముహుర్ముహుర్లుఠదభంగ తరంగ మృదంగ నిస్వన
స్ఫుట నటనానుకూల పరిఫుల్ల కలాప కలాపి జాలమున్
గటక చరత్కరేణు కరకంపిత సాలము శీతశైలమున్

ఎడమ నుంచి కుడికి, మాట తర్వాత మాట, అర్థం చేసుకుంటూ పోతే రెండో పాదంలో మునిగిపోతారు. అలా చదవకూడదు. ముందు క్రియ పట్టుకోండి: ‘కాంచె’, చూశాడు. ఎవరు? ‘భూమిసురుఁడు’, బ్రాహ్మణుడు. దేన్ని? వెతుక్కుంటూ వెళ్తే పద్యం చిట్టచివర దొరుకుతుంది: ‘శీతశైలమున్’, మంచుకొండని. వాక్యం అయిపోయింది. అక్కడికి వెళ్ళి బ్రాహ్మణుడు మంచుకొండని చూశాడు. మధ్యలో ఉన్నదంతా ఆ కొండకి విశేషణం, అదీ రెండే రెండు ముక్కలు. ఒకటి ‘జాలమున్’ దగ్గర ఆగుతుంది, రెండోది ‘సాలము’ దగ్గర.

ఇప్పుడు ఒక్కో ముక్కని మొదటి నుంచి విప్పండి. ఆకాశాన్ని ముద్దాడే శిఖరాలు, వాటినుంచి జారే సెలయేళ్ళు, వాటిలో మాటిమాటికీ దొర్లే తెగని అలలు, ఆ అలల మద్దెల మోత, ఆ మోత తమ ఆటకి అనుకూలంగా ఉందని పింఛాలు విప్పిన నెమళ్ళ గుంపు. ఇది మొదటి ముక్క. కొండచరియల్లో తిరిగే ఆడ ఏనుగులు తొండాలతో ఊపుతున్న సాలవృక్షాలు, ఇది రెండోది. సమాసంలో ఒక్కో మాట తర్వాతి మాటకి కారణం అవుతోందని గమనించండి: శిఖరం వల్ల నీరు, నీటి వల్ల అల, అల వల్ల మోత, మోత వల్ల నాట్యం. చూపు పైనుంచి కిందికి జారుతోంది. ఇది తెలిశాక పద్యాన్ని మళ్ళీ పైకి చదవండి. ‘ముహుర్ముహుర్లుఠదభంగ తరంగ మృదంగ’ అన్నప్పుడు నోటిలోనే మద్దెల మోగుతుంది. అర్థం తెలియకముందు కూడా మోగింది, కానీ అప్పుడు అది వట్టి చప్పుడు.

అన్వయం అంటే ఇదే. కర్త, కర్మ, క్రియ ముందు. విశేషణాలు తర్వాత, అవి దేనికి అతుక్కుంటాయో చూసుకుని. నూటికి తొంభై చోట్ల కావ్యం అర్థం కాకపోవడానికి కారణం కఠిన పదాలు కాదు, ఈ వరుస తారుమారు కావడం. అర్థాలు పక్కనే అచ్చేసి ఉన్నా అన్వయం చేసుకోకపోతే మిగిలేది మాటల జాబితాయే.

యతి ఇక్కడ ఒక పనిముట్టుగా పనికొస్తుందని చాలామందికి తట్టదు. చంపకమాలలో పదకొండో అక్షరం యతిస్థానం. మొదటి పాదంలో ఆ చోట ‘డం’ ఉంది. పాదం మొదటి అక్షరం ‘అ’. ‘అ’కీ ‘డం’కీ యతి ఎలా కుదిరింది? ‘సురుఁడు + అంబర’ అని విడగొడితే ‘అ–అం’ కుదిరింది. అంటే సంధి ఎక్కడ విప్పాలో యతి చూపిస్తోంది. ఎక్కడ విరవాలో తెలియనప్పుడు యతిస్థానం లెక్కపెట్టండి. ఉత్పలమాలకి పదో అక్షరం, చంపకమాలకి పదకొండు, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. అయితే సంస్కృతంలో యతి అంటే విరామం, తెలుగులో అక్షరాల మైత్రి. అక్కడ ఊపిరి తీసుకుని ఆగితే ‘భూమిసురుఁ’ అని మాట మధ్యలో తెగుతుంది. లెక్కకి వాడుకోండి, ఆగడానికి వాడుకోకండి.

పాదం చివర కూడా ఇదే జాగ్రత్త. అచ్చులో పాదం ముగిసినంత మాత్రాన మాట ముగియదు. ప్రవరుడు ఆ కొండమీద కనిపించిన అప్సరస వరూధినిని పలకరించే ఉత్పలమాల చూడండి.

ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ యొంటిఁ జరించెదోట లే
కివ్వనభూమి భూసురుఁడ నేఁ బ్రవరాఖ్యుఁడఁ ద్రోవ తప్పితిన్
గ్రొవ్వున నిన్నగాగ్రమునకుం జనుదెంచి పురంబుఁ జేర నిం
కెవ్విధిఁ గాంతుఁ దెల్పఁగదవే తెరు వెద్ది శుభంబు నీ కగున్

‘లే’ దగ్గర పాదం ఆగింది, మాట ‘లేక’. ‘ఇం’ దగ్గర పాదం ఆగింది, మాట ‘ఇంక’. పాదం పాదానికీ ఆగి చదివితే ఈ పద్యం తునాతునకలవుతుంది. కామాలు ఉన్నాయనుకుని, మాట్లాడుతున్నట్టు చదవండి.

నిఘంటువు చూసినా మాట దొరకడం లేదని విసిగిపోయేవాళ్ళకి ఈ ఒక్క పద్యం పాఠం. ‘గ్రొవ్వు’ అని వెతికితే ఉండదు, మాట ‘క్రొవ్వు’. ‘ద్రోవ’ కాదు ‘త్రోవ’. ‘జరించు’ కాదు ‘చరించు’. ‘గాంతు’ కాదు ‘కాంతు’. ముందు మాట చివర ద్రుతం, అంటే నకారం, ఉంటే తర్వాతి క, చ, ట, త, ప లు (పరుషాలు) గ, జ, డ, ద, బ లుగా (సరళాలుగా) మారతాయి. ముందు చూసిన చంపకమాలలో ‘గటక’ కూడా అలా మారిన ‘కటక’మే. ఇంకో రకం మార్పులో చ కి స, ప కి వ వస్తాయి: ‘వాఁడు వోయె’ అంటే వాడు పోయాడు. అచ్చుతో మొదలయ్యే మాటలు ఇంకా దాక్కుంటాయి. ‘యొంటి’లో య తీసేస్తే ‘ఒంటి’. ‘నిన్నగాగ్రము’లో న ముందు మాటది, ఉన్నది ‘ఇన్నగాగ్రము’, ఈ కొండకొన. కాబట్టి మాట దొరకనప్పుడు చేయాల్సింది ఇదీ: మొదటి అక్షరం సరళమైతే దాని పరుషం పెట్టి చూడండి, స అయితే చ, వ అయితే ప, య గానీ న గానీ అయితే దాన్ని తీసేసి మిగిలిన అచ్చుతో చూడండి. ఈ మూడు పనులతో చిక్కుల్లో చాలాభాగం వీగిపోతుంది. వెతకడానికి ఆంధ్రభారతి వెబ్‌సైటు హాయి, ఒకే మాటని అనేక నిఘంటువుల్లో ఒకేసారి చూపిస్తుంది. చేతిలో పుస్తకమే ఉండాలంటే శబ్దరత్నాకరం చాలు.

పద్యం అర్థానికి వద్దాం. భయపడిన లేడి చూపుల దానా, ఎవరు నువ్వు, ఈ అడవిలో ఒంటరిగా, బెదురు లేకుండా తిరుగుతున్నావు? నేను బ్రాహ్మణ్ణి, పేరు ప్రవరుడు. కొవ్వెక్కి ఈ కొండమీదికి వచ్చి దారి తప్పాను. ఊరు చేరే దారేదో చెప్పు, నీకు మేలవుతుంది. ఇంత మామూలు మాటలు! ఆ అమ్మాయి కళ్ళలో భయం, నడకలో నిర్భయం అని ఒక్క ఊపిరిలో అంటున్నాడు. మొదటి పాదంలోనే చూపు చిక్కుకుందని కవి చెప్పీ చెప్పనట్టు చెప్పాడు. దానికి వరూధిని జవాబు ‘ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేడెదు భూసురేంద్ర’ అని మొదలవుతుంది. ఇంతేసి కళ్ళున్నవాడివి, దారి ఇంకొకర్ని అడుగుతావేం అని. తన కళ్ళ గురించి అతను అన్న మాటని అతని కళ్ళకే తిప్పికొట్టింది. ఇలాంటి ఎత్తిపొడుపు ఏ కాలపు పాఠకుడికైనా అందుతుంది, పద్యం దాకా వస్తే.

అందుకే రెండు రకాల పద్యాలకి రెండు పద్ధతులు. వర్ణన పద్యమైతే తాత్పర్యం ముందు చదివి, తర్వాత మూలం. అక్కడ దాచిపెట్టింది ఏమీ లేదు, చేయాల్సిందల్లా చూడటం, వినడం. సంభాషణ పద్యమైతే మూలం ముందు, తాత్పర్యం తర్వాత. తాత్పర్యం ముందు చూస్తే చమత్కారం ఎవరో ముందే చెప్పేసిన హాస్యంలా చప్పబడుతుంది. చాలామంది అన్నిటికీ తాత్పర్యమే ముందు చదివి, పద్యంలో ఏముంది అంటారు.

పదాల బరువు గురించి భయం అక్కర్లేదు. కావ్యభాష చూడటానికి సముద్రం, లోపల మూసలు కొన్నే. జల, నీర, వారి, అంబు, ఈ నాలుగూ నీళ్ళే. చివర ‘జ’ వస్తే తామర, ‘ద’ వస్తే మేఘం, ‘ధి’ వస్తే సముద్రం. జలజం, జలదం, జలధి. నీరజం, నీరదం, నీరధి. వారిజం, వారిదం, వారిధి. అంబుజం, అంబుదం, అంబుధి. ఏడు ముక్కలకి పన్నెండు మాటలు. భూమి పేర్లు ధర, ధరణి, క్షితి, మహి, అవని. వాటికి పతి, నాథుడు, పాలుడు, ఈశుడు తగిలిస్తే ఎప్పుడూ రాజే. చను, అరుగు, ఏగు అంటే వెళ్ళడం. ఇంతి, వెలది, పడతి, కొమ్మ, సుదతి అంటే స్త్రీ. ఒప్పు, తనరు, అలరు అంటే ఏదో ఒకటి అందంగా ఉందని. వ్యాకరణ రూపాల్లో మూడు తెలిస్తే చాలు: ‘చేసినన్’ అంటే చేస్తే లేక చేయగా, సందర్భాన్ని బట్టి, ‘చేసెడు’ అంటే చేసే, మాట చివర ‘ఁడన్’ వస్తే అక్కడ ‘నేను’ దాగి ఉంది, ‘భూసురుఁడన్’ అంటే నేను బ్రాహ్మణ్ణి. నోటుబుక్కులో ఒక పేజీకి ఈ సరంజామా అంతా పడుతుంది. వంద పద్యాలు దాటేసరికి ఆ పేజీ తిరగేసే అవసరం తగ్గుతుంది.

లయ గురించి. రాగం రానక్కర్లేదు, గొంతు బాగుండక్కర్లేదు. గురువు (పొడుగ్గా పలికే అక్షరం) దగ్గర రెండు మాత్రలు, లఘువు (పొట్టిగా పలికేది) దగ్గర ఒకటి నిలిపితే చాలు. ఉత్పలమాల మొదటి గురువుని రెండు లఘువులు చేస్తే చంపకమాల, మిగతా నడకంతా ఒకటే. శార్దూలం మొదటి గురువుని రెండు లఘువులు చేస్తే మత్తేభం. అంటే రెండు నడకలు నోటికి పడితే నాలుగు వృత్తాలూ వచ్చినట్టే. తెలిసిన పద్యం ఒకటి కంఠస్థం ఉంటే కొత్త పద్యాన్ని దాని నడకలో పెట్టి చదవండి. రంగస్థలం మీద పాడే రాయబారం పద్యాలు చెవిలో ఉన్నవాళ్ళకి ఇది మరీ సులువు. (అవి తిక్కనవి కావు, తిరుపతి వేంకట కవుల నాటకాలవి. భారతంలో వెతికి, కనిపించలేదని కంగారుపడేవాళ్ళు తరచూ ఉంటారు.)

రోజువారీ పని ఇంత చాలు: ఇరవై నిమిషాలు, ఐదారు పద్యాలు. ఒక్కోటీ మూడుసార్లు. మొదటిసారి అర్థం గురించి ఆలోచించకుండా పైకి. రెండోసారి పెన్సిల్‌తో, క్రియ కింద గీత, కర్త చుట్టూ సున్న, సంధి విరిగేచోట నిలువు గీత. మూడోసారి మళ్ళీ పైకి, గీతలు చూడకుండా. నిఘంటువు రెండోసారికి మాత్రమే, పద్యానికి మూడు మాటలకి మించకుండా. కర్త, కర్మ, క్రియల్లో తెలియనిది ఉంటే అది ముందు. విశేషణాల్లో ఒకటి రెండు తెలియకపోయినా మునిగిపోయేదేం లేదు. ప్రతి మాటకీ ఫోన్ తీస్తే ఇరవై నిమిషాల్లో ఒక్క పద్యం అవుతుంది, మూడో రోజుకి పుస్తకం అలమరలోకి పోతుంది. పద్యాల మధ్య వచ్చే వచనాన్ని వదలకండి. ‘అని పలికిన విని’ లాంటి అతుకులు అక్కడే ఉంటాయి. ఎవరు ఎవరితో అంటున్నారో తెలియక తికమకపడేది ఎక్కువగా వచనం దాటేసినవాళ్ళే.

తోడు దొరికితే ఇద్దరు చదవండి. ఒకరు పద్యం చదవాలి, రెండోవారు మామూలు మాటల్లో చెప్పాలి, తర్వాతి పద్యానికి మారాలి. చెప్పలేకపోయిన చోటే అన్వయం కుదరలేదని తెలిసిపోతుంది. ప్రవచనాలు వినడం మంచిదే గానీ ఆ ఘట్టం సొంతంగా చదివాకే. ముందే వింటే పద్యం చదువుతున్నంతసేపూ ఆ గొంతే వినిపిస్తుంది, కవి గొంతు వినిపించదు.

ఏది ముందు చదవాలన్నది మీకు నవలలో ఏది ఇష్టమో దాన్నిబట్టి. ఉత్కంఠ, సంభాషణ ఇష్టమైతే తిక్కన విరాటపర్వం. ఐదే ఆశ్వాసాలు, అజ్ఞాతవాసం, కీచకవధ, ఉత్తరగోగ్రహణం. తెలుగు మాటలు ఎక్కువ, మనుషులు మనుషుల్లా మాట్లాడతారు. మలుపులు, కథలో కథ కావాలంటే పింగళి సూరన కళాపూర్ణోదయం; పాత్రల పేర్లు ఒక చీటీ మీద రాసుకోకపోతే మాత్రం దారి తప్పుతారు. ధార, సంగీతం కావాలంటే పోతన, అదీ మొదటి స్కంధం నుంచి కాదు. ఎనిమిదో స్కంధంలో గజేంద్రమోక్షం, వామన చరిత్ర, ఏడులో ప్రహ్లాదుడు, పదిలో రుక్మిణీ కల్యాణం. పద్యమంటేనే బెదురైతే ద్విపద: పాల్కురికి సోమన బసవపురాణం, లేదా రంగనాథ రామాయణం. రెండేసి పాదాల నడక, పరిగెత్తుతుంది, నవల అలవాటుకి దగ్గర. మనుచరిత్ర వీటిలో ఒకటి చదివాక. అప్పుడైనా ప్రవరుడి కథ వరకు చదివి ఆపితే నేరం కాదు, తర్వాత కథ వరూధిని కొడుకు స్వరోచి వైపు మళ్ళుతుంది. వసుచరిత్ర, ఆముక్తమాల్యద జోలికి ఇప్పుడే పోవద్దు. మొదటిదాంట్లో శ్లేష, అంటే ఒకే మాటలో రెండర్థాలు, విప్పుకోకపోతే ఏమీ మిగలదు. రెండోదాంట్లో గొప్ప చూపు ఉంది, ఋతువుల్లో మామూలు మనుషుల బతుకు అంత దగ్గరగా చూసిన కవి అరుదు, కానీ భాష పాఠకుడిని కనికరించదు.

వర్ణనల దగ్గర ఓపిక నశిస్తుందంటే అది సహజమే. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు లక్షణం: పురం, సముద్రం, కొండ, ఋతువు, చంద్రోదయం, సూర్యోదయం, ఉద్యానం, జలక్రీడ, విరహం, వివాహం, యుద్ధం... ఇలా పద్దెనిమిది. కథకి అవసరమై వచ్చినవి కొన్నే, పద్ధతి ప్రకారం వచ్చినవి చాలా. విరహవేదనలో చంద్రుణ్ణీ మన్మథుణ్ణీ తిట్టే పద్యాలు పాతిక వరసగా వస్తే నాలుగు చదివి ముందుకి పొండి. ఆ పాతికలో కవి తన సొంత చూపు చూపించినవి రెండో మూడో ఉంటాయి, అవి రెండోసారి చదివినప్పుడు దొరుకుతాయి.

పాత వచనం సమస్య వేరు. కందుకూరి రాజశేఖర చరిత్రము 1878 నాటిది, గ్రాంథికం. వాక్యం పొడుగు, క్రియ చివర. ఇక్కడ కూడా పైకి చదవడమే మందు, ఓ ఇరవై పేజీలకి చెవి అలవాటు పడుతుంది. కన్యాశుల్కం తొలిసారి 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, ఇప్పుడు మనం చదివేది బాగా పెంచి రాసిన 1909 ప్రతి. ఏడంకాలు. నవలలా మౌనంగా చదివితే సగం హాస్యం పోతుంది, ఎందుకంటే అది యాసలో, గొంతు మార్పులో ఉంది. రోజుకి ఒక అంకం, వీలైతే పాత్రలు పంచుకుని. పందొమ్మిదో శతాబ్దపు ప్రపంచ నవలలైతే చాలావరకు పత్రికల్లో సీరియల్‌గా వచ్చినవే. డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా వారం వారం వచ్చింది. వారానికోసారి చదివేవాళ్ళకి గుర్తుండాలని ఆ కాలపు సీరియళ్ళలో పాత్రల గుర్తులు మళ్ళీ మళ్ళీ చెబుతారు. ఒక్క రాత్రిలో చదివితే అదే నస అవుతుంది. పూటకి రెండు అధ్యాయాలు చాలు. రష్యన్ నవలల్లో ఆపేది కథ కాదు, పేర్లు. ఒకే మనిషికి పేరు, తండ్రి పేరుతో కలిపిన పేరు, ముద్దుపేరు, ఇంటిపేరు: దస్తయేవ్‌స్కీ ‘నేరము శిక్ష’లో రొదియోన్, రొదియోన్ రొమానొవిచ్, రోద్యా, రస్కోల్నికోవ్ నలుగురు కాదు, ఒక్కడే. చీటీ రాసి బుక్‌మార్కుగా పెట్టుకోండి. అనువాదం కొనేముందు అది సంక్షిప్తమా పూర్తిదా చూసుకోండి, అట్ట మీద ఉండకపోవచ్చు, లోపలి పేజీలో ఉంటుంది.

కొన్నిచోట్ల విసుగు కాదు, ఒళ్ళు మండుతుంది: కులం గురించి, ఆడవాళ్ళ గురించి ఆ పుస్తకాలు మాట్లాడే తీరు చూసి. దాన్ని మింగి మెచ్చుకోనక్కర్లేదు. ఆ మాట పాత్ర అంటోందా, కథకుడు అంటున్నాడా, ఆ కావ్యపద్ధతి అనిపిస్తోందా అని మాత్రం చూడండి. పాత్ర అన్నదైతే కవి ఆ పాత్రని ఎలా చూస్తున్నాడో పక్క పద్యాల్లో తెలుస్తుంది. కథకుడే అన్నదైతే మీ అభ్యంతరం అక్కడే ఉంచుకుని మిగతాది చదవవచ్చు, మానేయవచ్చు కూడా.

ఎప్పుడు మానేయాలి? పై పద్ధతిలో యాభై పద్యాలు చదివాక, మళ్ళీ ఒకసారి చదువుకోవాలనిపించిన పద్యం ఒక్కటీ లేకపోతే ఆ కావ్యం పక్కన పెట్టి ఇంకో రకానిది తీసుకోండి. ప్రబంధం పడనివాళ్ళకి భారతం పడుతుంది, భారతం పడనివాళ్ళకి ద్విపద పడుతుంది. యాభై కన్నా ముందు ఆపకండి, మొదటి ముప్పై భాషకే పోతాయి. ఒకటి రెండు పద్యాలు నిలిచాయనుకోండి, వాటిని కంఠస్థం చేసి అదే ఘట్టం చివరిదాకా వెళ్ళండి. ఘట్టం ముగియగానే టీక మూసేసి మొత్తం మూలం ఒక్కసారిగా, పెన్సిల్ లేకుండా చదవండి. అరగంట కూడా పట్టదు. మొదటిసారి రెండు వారాలు పట్టిన ఘట్టమే అది.